"ఆర్ట్" నాటకం వేయబోతున్నారా? ముందు ఆ తెల్లబొమ్మ సంగతి చూడండి

మూడు పాత్రలు, ఒకే సెట్టు, విరామం లేకుండా గంటన్నర ఆట. కాగితం మీద ఇంత సులువుగా కనిపించే నాటకం మరొకటి దొరకదు. అందుకే చిన్న నాటక సమాజాలు దీని వైపు ఆశగా చూస్తాయి. వేయడం మొదలుపెట్టాక మాత్రం ఊహించని చోట్ల కాళ్లు జారతాయి. ఆ చోట్లేమిటో, అక్కడ ఏం చెయ్యాలో చెప్పడానికే ఇది.

ఫ్రెంచి రచయిత్రి యాస్మినా రెజా రాసిన ఈ నాటకం 1994 అక్టోబరులో పారిస్‌లో కామెడీ దే షాంజెలీజే థియేటర్లో మొదటిసారి ఆడింది. క్రిస్టఫర్ హ్యాంప్టన్ ఇంగ్లీషు అనువాదంతో 1996లో లండన్ చేరి అక్కడ ఏళ్ల తరబడి నడిచింది. 1997లో ఉత్తమ కామెడీగా ఆలివియర్ అవార్డు, న్యూయార్క్ బ్రాడ్వేకు వెళ్లాక 1998లో ఉత్తమ నాటకంగా టోనీ అవార్డు వచ్చాయి. పేరులో ఉన్న కొటేషన్ గుర్తులు కూడా పేరులో భాగమే. పోస్టరు వేసేవాళ్లు వాటిని తీసెయ్యకూడదు. ఇది ఆర్టా కాదా అన్న తగువు ఆ గుర్తుల్లోనే మొదలవుతుంది.

కథ ఒక్క ముక్కలో చెప్పొచ్చు. చర్మవ్యాధుల డాక్టరు సెర్జ్ రెండు లక్షల ఫ్రాంకులు పోసి ఆంత్రియోస్ అనే చిత్రకారుడు గీసిన తెల్లటి బొమ్మ కొంటాడు. తెల్లటి నేల మీద తెల్లటి ఏటవాలు గీతలు, అంతే. విమానాల ఇంజనీరు మార్క్ దాన్ని చూసి తట్టుకోలేడు. స్టేషనరీ హోల్‌సేల్ కంపెనీలో పనిచేసే, కొద్దిరోజుల్లో పెళ్లి పెట్టుకున్న ఇవాన్ ఇద్దరి మధ్యా నలిగిపోతాడు. ఆంత్రియోస్ కల్పిత వ్యక్తి. అలాంటి బొమ్మలు మాత్రం నిజంగానే ఉన్నాయి. రష్యా చిత్రకారుడు మాలేవిచ్ 1918లోనే తెలుపు మీద తెలుపు వేశాడు, అమెరికా చిత్రకారుడు రౌషెన్‌బర్గ్ 1951లో ఉత్త తెల్ల ప్యానెళ్లు పెట్టాడు. నటులకు వీటిని మొదటి వారంలోనే చూపించండి. సెర్జ్ వేసేవాడు "నాకూ నచ్చలేదు, అయినా నటిస్తాను" అనే స్థితిలో ఉంటే ఆ పాత్ర పండదు.

ఈ నాటకానికి ఆయువుపట్టు ఒకటే. ముగ్గురి బరువూ సమానంగా ఉండాలి. దర్శకుడు తనకు తెలియకుండానే మార్క్ పక్షం చేరితే అరగంటలో నాటకం అయిపోతుంది, మిగతా గంట మనం లాక్కుంటూ పోవాలి. మన హాళ్లలో ప్రేక్షకులు మొదటి నిమిషంలోనే మార్క్‌తో కలిసి నవ్వడానికి సిద్ధంగా వస్తారు. వాళ్లను కాస్త ఆపి, "ఉండండి, ఆ బొమ్మలో ఏదో ఉన్నట్టుంది" అనిపించగలిగినవాడే ఈ నాటకం వేయగలడు. బొమ్మ తయారీ దగ్గర్నుంచి ఆలివ్ గింజల దాకా కింద చెప్పిన పనులన్నీ దీనికోసమే.

అనుమతి

రచయిత్రి జీవించి ఉన్నారు, హక్కులు అమల్లో ఉన్నాయి. అనువదించడానికి ఒక అనుమతి, ప్రదర్శించడానికి ఒక అనుమతి కావాలి. తెలుగు చేసేది ఇంగ్లీషు ప్రతి నుంచి అయితే ఆ అనువాదం మీద హ్యాంప్టన్ హక్కు కూడా ఉంటుంది, కాబట్టి ఏ ప్రతి నుంచి చేస్తున్నారో దరఖాస్తులోనే రాయండి. హక్కులు దేశాన్ని బట్టి ఇస్తారు. హైదరాబాద్‌లో వేయడానికి తెచ్చుకున్న కాగితం డాలస్‌లో తెలుగు సంఘం వేదిక మీద చెల్లదు. టికెట్టు లేని ఆటైనా అనుమతి అడిగే వేయండి. రిహార్సళ్లు మొదలుపెట్టడానికి కనీసం మూడు నెలల ముందు ఉత్తరం రాయండి. పరిషత్తు పోటీ కోసం గంట నాటికగా కుదించాలన్న ఆలోచన ఉంటే ఇక్కడే వదిలెయ్యండి. కోతలకు విడిగా అనుమతి అడగాలి, పైగా ఈ నాటకంలో ఏ ముక్క తీసినా ఒక పాత్ర తేలిపోతుంది.

తెలుగులో పెట్టేటప్పుడు

పేర్లు మార్చొద్దు, ఊరు మార్చొద్దు. సెర్జ్, మార్క్, ఇవాన్ మూడూ మన నోటికి సులువుగా తిరిగే పేర్లే. పారిస్‌ను బంజారాహిల్స్ చేస్తే బొమ్మ ధర, పెళ్లి గొడవ, ఒంటరి మగాళ్ల ఫ్లాట్లు అన్నీ కొత్తగా కల్పించుకోవాల్సి వస్తుంది. అప్పుడది వేరే నాటకం.

భాషలో మాత్రం ఫ్రెంచివాళ్లకు లేని సదుపాయం ఒకటి మనకుంది. అది "రా". చిరకాల స్నేహితులు కాబట్టి మొదటి సీనులో ముగ్గురూ "ఏరా", "చూడరా", "నీకేమైందిరా" అనుకోవాలి. గొడవ ముదిరేకొద్దీ ఆ "రా" జారిపోవాలి. "నీకు నచ్చలేదా?" అని సెర్జ్ "రా" లేకుండా అడిగిన క్షణం హాల్లో ఉన్న ప్రతివాడికీ చల్లగాలి తగులుతుంది. అనువాద ప్రతిలో ప్రతి "రా" కిందా ఎర్రగీత పెట్టుకుని, ఏ పేజీ నుంచి ఎవరు ఎవర్ని "రా" అనడం మానేస్తున్నారో పట్టిక రాసుకోండి. ఇవాన్ మాత్రం చివరిదాకా ఇద్దర్నీ "రా" అనే పిలుస్తాడు. మార్క్, సెర్జ్‌ల మధ్య అది ఆఖరి సీనులో, బొమ్మ తుడిచేటప్పుడు, ఒక్కసారి తిరిగి వస్తే చాలు. ఎవరి నోట రావాలో దర్శకుడు నిర్ణయించుకోవాలి.

ఇక అసలు గొడవకు నిప్పు పెట్టే మాట. బొమ్మను మార్క్ ఫ్రెంచిలో మలంతో పోలుస్తాడు. "చెత్త" అని అనువదిస్తే సరిపోదు. మనం నచ్చని సినిమాను, పప్పులో ఉప్పు తగ్గినా "చెత్త" అంటాం, ఆ మాటకు స్నేహాలు తెగవు. "పెంట" అనాలి. సభామర్యాద గురించి నిర్వాహకులు నసుగుతారు. ఆ మాట మెత్తబడితే సెర్జ్ గంటసేపు ఎందుకు రగిలిపోతున్నాడో ఎవరికీ అర్థం కాదని వాళ్లకు ఓపిగ్గా చెప్పండి.

ధర దగ్గర ఒక గుంట ఉంది. "రెండు లక్షలు" అని నటుడు ఊరుకుంటే మనవాడి చెవికి అది రెండు లక్షల రూపాయల్లా వినిపిస్తుంది. ఈ రోజుల్లో మంచి మోటారు సైకిలు ఖరీదు. దానికి ఇంత రభసేమిటనుకుంటాడు. యూరోకు మారినప్పటి స్థిర రేటు ప్రకారం రెండు లక్షల ఫ్రాంకులంటే దాదాపు 30,490 యూరోలు. మొదటి రెండు సీన్లలో "ఫ్రాంకులు" అన్న మాట ఎప్పుడూ మింగొద్దు. కరపత్రంలో పాత్రల పేర్ల కింద ఆ లెక్క ఒక వాక్యంగా వేయించండి. డైలాగులోకి రూపాయలు తేవద్దు.

ఇవాన్ పెళ్లి గొడవ మనవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. శుభలేఖలో ఎవరి పేరు వెయ్యాలి, ఎవరి పేరు వేస్తే ఎవరు పెళ్లికి రారు అన్న తగువు అది. పెళ్లికూతురు కాథరిన్‌ను పెంచినంత పని చేసింది ఆమె నాన్న రెండో భార్య. ఆవిడ పేరు కార్డులో ఉండాలని కాథరిన్ పట్టు. అలా అయితే ఇవాన్ తండ్రి రెండో భార్య పేరూ వెయ్యాలి, ఆవిడంటే ఇవాన్‌కు పడదు, అతని కన్నతల్లికి అసలే పడదు. ఫ్రెంచిలో ఇద్దరికీ ఒకే మాట. మనం ఇద్దరినీ "సవతి తల్లి" అంటే ఎవరెవరో తికమక పడిపోతారు. కాథరిన్ వైపు ఆవిడను "పిన్ని" అనండి, ఇవాన్ వైపు ఆవిడను "సవతి తల్లి" అనండి. ఒకచోట ప్రేమ, ఒకచోట కడుపుమంట, రెండూ పిలుపులోనే తెలిసిపోతాయి, నటుడికి సగం భారం తగ్గుతుంది.

బొమ్మ తయారీ

తెల్ల ఫ్లెక్సు, థర్మోకోల్ షీటు, తెల్ల సున్నం కొట్టిన అట్ట, ఇవేవీ పనికిరావు. ప్రేక్షకుడు దాన్ని చూడగానే మార్క్ గెలిచినట్టే. రచయిత్రి చెప్పిన కొలత దాదాపు 160 సెంటీమీటర్లకు 120, మన లెక్కలో ఐదడుగుల మూడంగుళాలకు నాలుగడుగులు. అడ్డంగా పెట్టుకుంటే మంచిది, చివర్లో దాని మీద కొండవాలు కనిపించాలి. దీన్ని సెర్జ్ ఒక్కడే ఎత్తి లోపలికి, బయటికి తీసుకెళ్లాలి కాబట్టి బరువు పది పన్నెండు కిలోలు దాటకూడదు.

కావలసినవి: రెండంగుళాల వెడల్పు, అంగుళం మందం రీపర్లు (చెక్క పట్టీలు) ఎనిమిదిన్నర మీటర్లు. నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్డు ఒక ముక్క. అన్ని పక్కలా పదేసి సెంటీమీటర్లు మిగిలేలా కాటన్ క్యాన్వాసు. జెస్సో (రంగుకు ముందు క్యాన్వాసుకు పూసే తెల్ల అస్తరు) లీటరు. అక్రిలిక్ మోడలింగ్ పేస్టు (ఉబ్బెత్తు గీతలకు వాడే చిక్కటి ముద్ద) అర లీటరు. తెల్ల అక్రిలిక్ అర లీటరు. నీటితో కలిసే పారదర్శక పాలియురెథేన్ వార్నిష్ అర లీటరు, శాటిన్ రకం.

రీపర్లతో చట్రం బిగించి మధ్యలో రెండు అడ్డకర్రలు వేయించండి. దాని మీద ప్లైవుడ్డు, ప్లైవుడ్డు మీద క్యాన్వాసు. ప్లైవుడ్డు ఎందుకంటే, ఉత్త క్యాన్వాసు అయితే మార్క్ పెన్ను ఆనించగానే గుడ్డ లోపలికి నొక్కుకుపోయి గీత వంకరపోతుంది. క్యాన్వాసును ముందు నాలుగు పక్కలా మధ్యలో స్టేపుల్ చేసి, అక్కణ్నుంచి మూలలకు లాక్కుంటూ రండి. మూలల్నుంచి మొదలుపెడితే ముడతలు పడతాయి, రంగు పూశాక అవి పోవు.

జెస్సో మూడు పూతలు. ఒక పూత పూర్తిగా ఆరాక సన్న ఉప్పుకాగితంతో రుద్ది మరొకటి వెయ్యండి. డబ్బు మిగులుతుందని గోడల పుట్టీ వాడేవాళ్లున్నారు. ఆటో ట్రాలీలో ఎక్కించి రెండు ఊళ్లు తిప్పేసరికి పెచ్చులు లేస్తాయి.

తర్వాత గీతలు. నాటకంలో కళ్లు చికిలించి చూస్తే కనిపించే సన్నటి గీతలు అని ఉంది. చేతికందే దూరంలో సన్నగా ఉన్నది పదో వరసకు అసలు కనబడదు. కాబట్టి గీత ఎనిమిది పది మిల్లీమీటర్ల వెడల్పు, రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. మాస్కింగ్ టేపు రెండు వరసలు అంటించి మధ్యలో మోడలింగ్ పేస్టు నింపి, పాత ఏటీఎం కార్డుతో ఒక్క ఊపున చదును చేసి, పేస్టు తడిగా ఉండగానే టేపు లాగెయ్యండి. ఆరాక లాగితే అంచులు ముక్కలుగా విరుగుతాయి. నాలుగైదు గీతలు చాలు, వాటి మధ్య దూరాలు సమానంగా ఉండకూడదు. ఒక గీత మాత్రం మార్క్ నిలబడే వైపు నుంచి కిందికి, ముప్పై డిగ్రీల వాలులో సాఫీగా దిగాలి. చివర్లో మంచు మీద జారేవాడు దిగేది ఈ గీత వెంటే. మార్క్ కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా చూసుకుని వాలు ఎటుండాలో నిర్ణయించండి. కుడిచేత్తో రాసేవాడు ఎడమ నుంచి కుడికి గీస్తే ప్రేక్షకులకు పెన్ను మొన కనిపిస్తుంది, అటునుంచి ఇటు గీస్తే అతని చెయ్యే అడ్డమొస్తుంది.

పైన తెల్ల అక్రిలిక్ రెండు పూతలు. పచ్చి తెలుపు లైటు కింద కళ్లలో గుచ్చుకుంటుంది, పక్కన నటుడి ముఖం నల్లబడిపోతుంది. చిటికెడు చొప్పున రా అంబర్ (మట్టి గోధుమరంగు) కలుపుతూ, పాలమీగడ వైపు రవ్వంత తిరగగానే ఆపండి. సంతకం వెయ్యాలా వద్దా అని గుంజాటన పడొద్దు. కింది మూలన తెలుపులోనే చిన్న ఉబ్బెత్తు సంతకం ఉంటే నటుడికి బొమ్మ మీద గౌరవం పెరుగుతుంది, ప్రేక్షకుడికి కనబడకపోయినా నష్టం లేదు.

పెన్ను, గీత, తుడవడం

నాటకంలో అతి ప్రమాదకరమైన మూడు నిమిషాలు ఇవి. ఇవాన్ దగ్గరున్న ఫెల్టు పెన్నును సెర్జ్ తీసుకుని మార్క్ వైపు విసురుతాడు. మార్క్ ఆ బొమ్మ మీద వాలు వెంట గీత గీసి, దాని మీద ఉన్ని టోపీ పెట్టుకుని మంచులో జారే మనిషిని గీస్తాడు. తర్వాతి సీనులో అదే బొమ్మను తుడిచి తెల్లగా చేస్తారు. ఆఖరి స్వగతం ఆ తెల్లదనం మీదే నడుస్తుంది. అక్కడ నీలి మరక మిగిలిందంటే నాటకం ఓడినట్టే.

ఉత్త జెస్సో గానీ అక్రిలిక్ గానీ సిరాను పీల్చేస్తుంది, ఎంత తుడిచినా పోదు. అందుకే పాలియురెథేన్ నాలుగు పూతలు, పూతకూ పూతకూ నాలుగేసి గంటల విరామం. నూనెతో కలిసే రకం కొనొద్దు, నెలరోజుల్లో పసుపెక్కుతుంది. గ్లాసీ రకం కొంటే ప్రతి లైటూ అద్దంలోలా మెరుస్తుంది. మాట్ రకం గరుకుగా ఉండి సిరాను పట్టుకుంటుంది. శాటిన్ మధ్యేమార్గం. చివరి పూత వేశాక వారం రోజులు ముట్టుకోకుండా వదిలేసి, ఆ తర్వాతే పెన్ను పెట్టి చూడండి. పైకి ఆరినట్టున్నా లోపల పచ్చిగా ఉంటే మరక ఊడదు.

పెన్ను పిల్లలు బొమ్మలకు వాడే నీటి సిరా రకం, మొన లావుది. నీలం మంచిది. ఎరుపు, గులాబీ ఎంత తుడిచినా నీడ వదుల్తాయి. పర్మనెంట్ మార్కరు రిహార్సల్ గదిలోనే ఉండకూడదు, చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. ప్రతి ఆటకూ ముందు ప్రాపర్టీలు చూసేవాళ్లు పెన్నుతో బొమ్మ వెనక ఒక ముక్కకు గీసి తుడిచి చూడాలి. ఆ ముక్కకు కూడా అవే పూతలు వేసి ఉంచండి.

పెన్ను ప్రేక్షకుడికి ముందే పరిచయం కావాలి. ఇవాన్ మొదటిసారి కనిపించేది నాలుగు కాళ్ల మీద పాకుతూ, ఫర్నిచరు కింద పెన్ను మూత కోసం వెతుకుతూ. చాలా మంది దర్శకులు దాన్ని నవ్వు కోసం వాడుకుని వదిలేస్తారు. పెన్ను చేతిలో ఉండాలి, మూత దొరికాక టక్కున పెట్టిన చప్పుడు వినపడాలి. గంట తర్వాత సెర్జ్ ఆ పెన్ను అడిగినప్పుడు హాల్లో ఊపిరి బిగపట్టేది దీనివల్లే. మూత పెట్టడం మర్చిపోతే లైట్ల వేడికి మొన ఎండిపోయి క్లైమాక్సులో గీత పడదు, కాబట్టి అదే రకం పెన్ను మరొకటి ఇవాన్ కోటు జేబులో ఉంచండి.

గీసేటప్పుడు బొమ్మ నేల మీద ఆనించి ఉంటుంది. పెన్ను నొక్కగానే అడుగు వెనక్కి జారి బొమ్మ వెల్లకిలా పడిన సందర్భాలున్నాయి. కింది అంచుకు నాలుగు రబ్బరు బిళ్లలు కొట్టించండి. గీసే మనిషి జానెడు ఎత్తుంటే చాలు. టోపీ మీద బంతి ముఖ్యం, దానివల్లే అది మనిషని వెనక వరసకు తెలుస్తుంది. మార్క్ వేసేవాడు దీన్ని కనీసం యాభైసార్లు గీసి ఉండాలి. తొందర పడకూడదు. గీత దిగుతున్నంతసేపూ హాలు నిశ్శబ్దంగా ఉంటుంది, ఆ నిశ్శబ్దాన్ని నమ్మాలి.

ఆ సీనుకూ తుడిచే సీనుకూ మధ్య చీకట్లో మీకు దొరికేది ముప్పై, నలభై సెకన్లు. ఆ లోపల బొమ్మను గోడకెక్కించాలి, బకెట్టు, గుడ్డలు, సీసాలు రావాలి, సెర్జ్ పొట్టి ఏప్రన్ కట్టుకోవాలి. ఇద్దరు సహాయకులు కావాలి. ఒకరు తడి మైక్రోఫైబర్ గుడ్డతో పై నుంచి కిందికి తుడిచి వెంటనే పొడిగుడ్డ వేస్తారు. గుండ్రంగా రుద్దితే సిరా నీళ్లలా పరుచుకుంటుంది. ఉబ్బెత్తు గీత అంచున సిరా దాక్కుంటుంది, అక్కడ గుడ్డను వేలికి చుట్టి ఒక్కసారి లాగాలి. టోపీ బంతి మాత్రం వదిలెయ్యండి. దీపం వెలిగాక సెర్జ్ ప్రేక్షకుల ముందు దాన్ని తుడిచేస్తే మొత్తం తుడిచింది అతనే అనిపిస్తుంది. సీసాల్లో నిజం టర్పెంటైన్ పొయ్యొద్దు, లైట్ల దగ్గర అది నిప్పుతో ఆట. నీళ్లు చాలు.

గోడ, లైటు

మూడు ఇళ్లకూ ఒకే గది. మారేది గోడమీద బొమ్మ మాత్రమే. మార్క్ ఇంట్లో కిటికీలోంచి కార్కాసోన్ కోటను చూస్తున్నట్టున్న సంప్రదాయ దృశ్యచిత్రం, ఇవాన్ ఇంట్లో అతని తండ్రి వేసిన నాసిరకం బొమ్మ. ఇవి చిన్నవి, ఒకే కొక్కేనికి తగిలేలా చేసుకుంటే మార్పు పది సెకన్లలో అయిపోతుంది. ఇవాన్ తండ్రి బొమ్మను మరీ వెటకారంగా గీయించొద్దు. అది ఎవరు వేశారో తెలిసినప్పుడు మార్క్ నాలుక కరుచుకోవాలి, మనం కూడా.

గోడలు తెల్లగా ఉండకూడదు. బూడిదరంగు, లేదా మట్టిరంగు. అప్పుడే ఆంత్రియోస్ బొమ్మ గోడ మీదనుంచి ముందుకొస్తుంది.

ఎదురుగా లైటు కొడితే ఉబ్బెత్తు గీతలు మాయమై బొమ్మ బల్లపరుపుగా అయిపోతుంది. మన హాళ్లలో ముందువైపు పార్ క్యాన్లు (వెలుగు వెడల్పుగా చిమ్మే లైట్లు) అన్నీ కలిపి వెలిగించే అలవాటుంది, ఇక్కడ అది మానాలి. ఒక ప్రొఫైల్ లైటును వింగులో రెండున్నర మీటర్ల ఎత్తున పెట్టి, బొమ్మ ఉపరితలానికి పదిహేను, ఇరవై డిగ్రీల కోణంలో పక్కనుంచి రాసుకుంటూ పోయేలా తిప్పండి. షట్టర్లతో వెలుగును చట్రం అంచుకు కత్తిరించండి. ఇది రెండుసార్లు మాత్రమే పూర్తిగా వెలగాలి. ఇవాన్ మొదటిసారి బొమ్మ చూసినప్పుడు, ఆఖర్లో. మార్క్ మొదట చూసినప్పుడు అది సగం వెలుగులో ఉండాలి. మార్క్‌కు గీతలు కనబడవు, ప్రేక్షకుడికీ కనబడవు. ఇవాన్ దగ్గర మెల్లగా లైటు పెంచితే హాల్లో కొందరు ముందుకు వంగుతారు. సెర్జ్ పక్షానికి మొదటి ఓట్లు పడేది అప్పుడే.

పాత్రలు మాటిమాటికీ ప్రేక్షకులతో మాట్లాడతారు. ఆ స్వగతాలకు స్పాట్ వేసి మిగతావాళ్లను చీకట్లో పడేసే పాత పద్ధతి వద్దు. మిగతా ఇద్దరూ కదలకుండా, అరవెలుగులో ఉండాలి. స్వగతం అయిపోయాక సంభాషణ గుక్క తిప్పుకోకుండా అందుకోవాలి.

నటులు

ముగ్గురూ దాదాపు ఒకే వయసువాళ్లుగా కనిపించాలి, నలభైలో ఉంటే బాగుంటుంది. మార్క్‌కు గొంతు పెద్దదని ఎంపిక చెయ్యొద్దు. మార్క్‌లో ఉన్నది అసూయ. తనను కాదని స్నేహితుడు ఒక బొమ్మను ఎంచుకున్నాడన్న బాధ. అది తెలియకుండా అరిస్తే మార్క్ ఉత్త ముసలి మాస్టారులా తయారవుతాడు. ఇవాన్ విదూషకుడు కాడు. పోటీ నాటకాల్లో నలిగిన నటులు ఈ పాత్ర దొరకగానే గొంతు మార్చి, ఒళ్లు తిప్పి నవ్వులు ఏరుకుంటారు. అతను పిరికివాడు, మంచివాడు. ఒళ్లు తిప్పడం మొదటిరోజే ఆపించండి.

పెళ్లికార్డు స్వగతం నాలుగైదు నిమిషాలు ఆగకుండా సాగుతుంది. ఆలస్యంగా, ఆయాసంతో వచ్చి ఒక్క దమ్మున చెప్పేస్తాడు. మొదటి రిహార్సల్ రోజునే దీన్ని కంఠస్థం మొదలుపెట్టించి, రోజూ అదే మొదటి పనిగా చెయ్యండి. ఐదు ముక్కలుగా విడదీసుకోవాలి. ప్రతి ముక్కలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఒక కాగితం మీద బొమ్మలా గీసుకోవాలి. కాథరిన్ ఒక గొంతు, అమ్మ ఒక గొంతు, తనది ఒకటి, అంతకు మించి గొంతులు వద్దు. వేగం కోసం మాటలు మింగితే ఎవరి పిన్నో ఎవరి సవతి తల్లో తప్పిపోతుంది. మొదట నెమ్మదిగా, ప్రతి పేరు మీదా బరువు పెట్టి నేర్చుకుని, మూడో వారం నుంచి వేగం పెంచాలి. మిగతా ఇద్దరూ ఆ సమయంలో స్పందించకూడదు. వాళ్ల మొండి మౌనమే దానికి నవ్వు తెస్తుంది.

రెండో వారంలో ఒక రోజు పాత్రలు తారుమారు చేసి మొత్తం నాటకం చదివించండి. మార్క్ వేసేవాడు సెర్జ్ మాటలు నోటితో పలికాక తిరిగి తన పాత్రకు వస్తే తేడా మీకే వినిపిస్తుంది.

మార్క్ సహచరి పౌలా సిగరెట్టు పొగను చేత్తో తోసే తీరును సెర్జ్ వెక్కిరించడంతో కొట్లాట మొదలవుతుంది. ఆ చెయ్యి ఊపడం సెర్జ్ ఎంత సన్నగా చేస్తే అంత మంట. మార్క్, సెర్జ్ కలబడతారు, విడదీయబోయిన ఇవాన్ చెవికి దెబ్బ తగులుతుంది. నలభైల్లో ఉన్న, ఎప్పుడూ ఎవర్నీ కొట్టని మగాళ్ల కొట్లాట ఇది, సినిమా ఫైటు కాదు. ఆరేడు కదలికలు లెక్కపెట్టి పావు వేగంతో నేర్పండి. దెబ్బ చప్పుడు మార్క్ తన అరచేతులతోనే, ప్రేక్షకులకు వీపు పెట్టి చెయ్యాలి. ప్రతి ఆటకూ అరగంట ముందు ఆ కొట్లాట ఒకసారి చేసి చూసుకోవడం తప్పనిసరి.

దాని తర్వాత ముగ్గురూ కూర్చుని మౌనంగా ఆలివ్ పండ్లు తింటారు. గింజలున్నవి కావాలి. మన సూపర్ మార్కెట్లలో సీసాల్లో దొరికేవి ఎక్కువగా గింజ తీసినవో ముక్కలు చేసినవో, సీసా మీద చదివి కొనండి. దొరక్కపోతే చిన్న పచ్చి రేగుపళ్లు తీసుకోండి, మూడో వరసకు తేడా తెలియదు. గింజలు వేసే గిన్నె పింగాణీదై ఉండాలి. ప్లాస్టిక్ గిన్నెలో పడితే చప్పుడు చస్తుంది. ఒక గింజ టంగుమని పడాలి, నాలుగు సెకన్లాగి మరొకటి. మూడో గింజకు హాలంతా నవ్వుతుంది, ఆ నవ్వు తగ్గేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. వేలాడే మైకుంటే ఆ గిన్నెకు దగ్గరగా వచ్చేలా సోఫా జరుపుకోండి. కొట్లాటలో ఎగిసిన ఊపిరి కుదుటపడేదాకా, కనీసం ఇరవై సెకన్లు, నోట్లో ఏదీ పెట్టొద్దు. గింజ గొంతుకు అడ్డం పడే ప్రమాదం నిజమైనది.

నేపథ్య సంగీతం గురించి ఒక మాట. భావం వచ్చిన ప్రతిచోటా కీబోర్డు మోగించే మనిషికి ఈ నాటకంలో సెలవివ్వండి. సీన్ల మధ్య చీకట్లో చిన్న పియానో ముక్క చాలు, మాటల కింద ఏమీ ఉండకూడదు.

ఆఖరి స్వగతం మార్క్‌ది. ఆ తెల్ల బొమ్మలో మంచు కురుస్తోందనీ, ఒక మనిషి ఆ శూన్యాన్ని దాటి మాయమయ్యాడనీ అతను చెబుతాడు. మొదటి సీనులో పెంట అన్న నోటితోనే. పక్కనుంచి రాసుకుంటూ పోయే లైటు ఒక్కటే ఉంచి మిగతావన్నీ స్వగతం మొదట్లోనే దింపెయ్యండి. చివరి మాట తర్వాత మూడు సెకన్లాగి, ఆ లైటును ఇరవై సెకన్లలో సున్నాకు తీసుకురండి. మార్క్ ముఖం ముందు పోవాలి, బొమ్మ తర్వాత. లైట్ల దగ్గర కూర్చున్నవాళ్లు చప్పట్ల తొందరలో ఫేడర్ (లైటు పెంచి తగ్గించే మీట) జార్చేస్తుంటారు, ఆ ఇరవై సెకన్లు వాళ్లతో గడియారం పెట్టి రిహార్సల్ చేయించండి.